మీకు దొరికిన మంచి బాస్ ఎవరు? ఆయనలో, ఆవిడలో మీకేం నచ్చింది?

కొత్త_లీడ్_వైజాగ్:
అందరికీ నమస్కారం అండి. ఏడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా, పోయిన నెల నన్ను టీమ్ లీడ్ చేశారు, నా కింద తొమ్మిది మంది. ఇన్నాళ్ళూ క్యాంటీన్‌లో టీ తాగుతూ బాస్‌ల గురించి మాట్లాడుకున్నదాన్నే, ఇప్పుడు నా గురించి మాట్లాడుకుంటారు కదా.

మొన్న గురువారం ఒకటి జరిగింది, అప్పట్నుంచి మనసులోంచి పోవట్లేదు. మాకు వచ్చే బుధవారం రిలీజ్. టీమ్‌లో ఒక కుర్రాడు వచ్చి, అక్కా మా అమ్మకి సోమవారం గర్భసంచి ఆపరేషన్ శ్రీకాకుళంలో, నాలుగు రోజులు లీవ్ కావాలి అన్నాడు. నా నోట్లోంచి మొట్టమొదట వచ్చిన మాట ఏంటో తెలుసా అండి, "బుధవారం రిలీజ్ కదా, మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?" అని. ఆపరేషన్ ఎందుకు, ఆవిడ ఎలా ఉంది అని కూడా అడగలేదు. వాడు "చూస్తానక్కా" అని వెళ్ళిపోయాడు. నా మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ నాతో అచ్చం ఇలాగే అన్నాడు, మా తాతయ్య పోయినప్పుడు, అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే అడుగుతున్నా. పుస్తకాల్లో ఉండేవి వద్దు, మీరు నిజంగా చూసిన మంచి బాస్ ఏం చేశారో చెప్పండి.

రాత్రి_డ్యూటీ_సిస్టర్:
మేడమ్ ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేయండి, తర్వాత మా కథలు చదవొచ్చు.

నేను విజయవాడలో నర్సుని, పదకొండేళ్ళు అవుతోంది. నేను కొత్తలో ఉన్నప్పుడు ఒక రాత్రి సెలైన్ స్పీడు తప్పుగా పెట్టేశాను, నెమ్మదిగా వెళ్ళాల్సింది ఫాస్ట్‌గా పోయింది, పేషెంట్ పెద్దాయన, గుండె జబ్బు ఉంది. ఇరవై నిమిషాల తర్వాత చూసుకున్నా. చేతులు వణికిపోయాయి. అంతకుముందు పనిచేసిన చోటైతే ఎవరికీ చెప్పకుండా సరిచేసేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళం, ఎందుకంటే అక్కడ చెప్తే వార్డు మధ్యలో అందరి ముందూ తిట్లు, జీతంలో కోత. కానీ ఇక్కడ మా ఇన్‌చార్జ్ సిస్టర్ మీద నమ్మకంతో పరిగెత్తుకెళ్ళి చెప్పేశా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, నేరుగా పేషెంట్ దగ్గరికెళ్ళి బీపీ, ఊపిరి చూశారు, డ్యూటీ డాక్టర్ని లేపారు. ఆయనకి ఏమీ కాలేదు. అంతా అయ్యాక తెల్లవారుజామున నన్ను కూర్చోబెట్టి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఆ టైంకి నీ దగ్గర ఎంతమంది పేషెంట్లు ఉన్నారమ్మా?" అని. పద్నాలుగు మంది అన్నా. ఆవిడ రిపోర్టులో నా తప్పు రాశారు, దాచలేదు, దాని కిందే పద్నాలుగు మందికి ఒక్క నర్సు అని కూడా రాశారు. వచ్చే నెల నుంచి ఆ వార్డుకి రాత్రిపూట ఇద్దరిని వేశారు.

తప్పు చేసినవాళ్ళు తమంతట తాము వచ్చి చెప్పుకోగలిగేలా ఉండాలి, నాకు బాస్ అంటే అదే. అలా లేకపోతే తప్పులు ఆగవండి, కనపడకుండా పోతాయి, అంతే.

హెచ్చార్_పదేళ్ళు:
సిస్టర్ గారు చెప్పినదాని మీద పరిశోధన కూడా ఉందండి. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలెడితే లెక్కలు ఎదురు తిరిగాయి, మంచి టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు రికార్డయ్యాయి. తర్వాత అర్థమైంది ఏంటంటే వాళ్ళు ఎక్కువ తప్పులు చేయట్లేదు, భయం లేకుండా బయటికి చెప్తున్నారు అని.

ఇంకోటి, గూగుల్ వాళ్ళు 2008లో ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని మొదలెట్టి అసలు మేనేజర్లు అవసరమా అని వాళ్ళ సొంత ఉద్యోగుల డేటానే తవ్వి చూశారు. మంచి మేనేజర్ లక్షణాలు ఎనిమిది తేలాయి, 2018లో వాటిని పది చేశారు. ఆ ఎనిమిదిలో మొదటిది పక్కన ఉండి నేర్పించడం. టెక్నికల్‌గా బాగా తెలిసి ఉండటం ఆఖరిది! అన్నీ ఇంజనీర్లతో నిండిన కంపెనీలో. మన దగ్గర మాత్రం బాగా కోడ్ రాసేవాణ్ణి తీసుకెళ్ళి లీడ్ చేస్తాం, మనుషుల్ని చూసుకోవడం ఎవరూ నేర్పరు. కొత్త లీడ్ గారి తప్పు కూడా కొంతవరకు అదే, ఆవిడకి రిలీజ్ చూసుకోవడం నేర్పారు, మనిషి వచ్చి సెలవు అడిగితే ఏం మాట్లాడాలో నేర్పలేదు.

బొగ్గుబాయి_బిడ్డ:
మీరు ఆఫీసుల ముచ్చట చెప్తున్నరు, నేను బాయి ముచ్చట చెప్త.

మా నాయిన సింగరేణిల 31 ఏండ్లు చేసిండు, కొత్తగూడెం దిక్కు. బాయిల దిగెటోళ్ళకు బాస్ అంటే పైన ఆఫీసుల కూసునే మేనేజర్ సారు కాదు, కింద ఉండే సర్దార్, ఓవర్‌మెన్. పనికాడికి అందరికంటె ముందుగాల సర్దార్ పోయి చూడాలె. కర్రతోని బండను కొడ్తరు, గట్టి చప్పుడు వస్తె మంచిగున్నట్టు, డొల్ల చప్పుడు వచ్చిందంటె ఆడ మనిషి నిలవడొద్దు. ఈ రూలు అందరికి ఎర్కే. కానీ పైనుంచి ఇయ్యాల ఇన్ని టబ్బుల బొగ్గు ఎల్లాలె, ఎన్ని ఎల్లినయ్, ఎందుకు ఎల్లలే అని ఫోను మీద ఫోను వస్తా ఉంటె డొల్ల చప్పుడు గూడ గట్టిగనే ఇనవడ్తది కొందరికి.

మా నాయిన షిఫ్టుల ఒక ఓవర్‌మెన్ సారు ఉండె, శ్రీకాకుళం దిక్కునుంచి వచ్చిండు. ఒకనాడు చప్పుడు అనుమానం అనిపిచ్చి అందరిని ఎనక్కి రమ్మన్నడు. ఫోనుల పైన సారు గరమైతున్నడు, ఈయన "నేను బుక్కుల రాసి సంతకం పెడ్త సార్, మీరు పంపుమంటె మీరు గూడ రాసియ్యుండ్రి" అన్నడట. అటు దిక్కు ఫోను పెట్టేసిండ్రు. ఆ షిఫ్టు మొత్తం సపోర్టులు పెట్టుడే అయ్యింది, ఒక్క టబ్బు ఎల్లలే. ఇంకో సంగతి చెప్త, ఆ బండ ఆ దినం పడలే, మర్నాడు గూడ పడలే. సారుకు మెమో వచ్చింది. పడకపాయె గదా, ఉత్తగనే పని ఆపిండు అన్నరు కొందరు. మా నాయిన అంటడు, పడ్డంక ఆపెటోడు అందరికి దొరుకుతడు బిడ్డా, పడకముందు ఆపి మెమో తీసుకున్నోడు మాకు దొరికిండు అని. రిటైరై పన్నెండేండ్లాయె, ఇప్పటికి దసరాకు ఆ సారుకు ఫోన్ చేస్తడు.

సూళ్ళూరుపేట_నుంచి:
బొగ్గుబాయి అన్నా చదువుతుంటే కళ్ళు తడిశాయి.

మాది శ్రీహరికోట పక్క ఊరు కాబట్టి నాకు బాస్ అంటే సతీష్ ధవన్ గారే గుర్తొస్తారు. చాలామందికి తెలిసిందే గానీ ఈ థ్రెడ్‌లో ఉండాల్సిన సంగతి. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం, ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారు. రెండో దశలో కంట్రోల్ పోయి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. బయట దేశం మొత్తం నుంచి విలేకరులు. అప్పుడు ఇస్రో ఛైర్మన్ ధవన్ గారు కలాం గారిని పంపించకుండా తానే వెళ్ళి కూర్చుని, బాధ్యత తన మీద వేసుకుని, నా టీమ్ మీద నాకు నమ్మకం ఉంది, ఏడాదిలో సాధిస్తాం అన్న అర్థం వచ్చేలా చెప్పారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ప్రెస్ మీట్‌కి కలాం గారిని వెళ్ళమన్నారు. కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా పిల్లలకి ఈ సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పేవారు. ధవన్ గారు పోయాక 2002లో మా షార్‌కి, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి, ఆయన పేరే పెట్టారు.

మా నాన్న అక్కడ టెక్నీషియన్‌గా చేశారు. ఆయన చెప్పేది ఏంటంటే 79లో పడిపోయిన తర్వాత వారం రోజుల్లోనే మళ్ళీ పనిలోకి దిగిపోయారంట అందరూ, ఎవరి మెడ మీదకి వస్తుందో అని చూస్తూ కూర్చోలేదు కాబట్టి.

గుమాస్తా_గోదారిజిల్లా:
అంత పెద్ద వాళ్ళ మాట సరేనండి, కానీ మన బాస్‌లకి పైన ఇంకో బాస్ ఉంటాడు, ఆయనకి పైన ఇంకోడు. నాది బ్యాంకు. నేను చూసిన అతి మంచి మనిషి మా పాత మేనేజరు గారు, కోపం అన్నదే లేదు, పండక్కి ఇంటికి పిలిచి భోజనం పెట్టేవారు. కానీ ఆయన దగ్గర పనిచేసిన రెండేళ్ళే నా సర్వీసులో నరకం. ఎందుకంటే రీజినల్ ఆఫీసు నుంచి ఏం చెప్పినా "సరే సార్" అనేసేవారు. సాయంత్రం ఆరింటికి కాల్, ఈ వారం ఇన్ని ఇన్సూరెన్స్ పాలసీలు కావాలి, సరే సార్. ఇంకో బ్రాంచికి ఇద్దరు మనుషుల్ని పంపాలి, సరే సార్. ఆ సరే సార్‌లన్నీ మా నెత్తిన పడేవి. పంట రుణానికి వచ్చిన రైతుని కూర్చోబెట్టి పాలసీ తీసుకో తీసుకో అని నేను బతిమాలిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది, ఆ మనిషి యూరియా కొనడానికి డబ్బుల్లేక వచ్చాడు.

తర్వాత వచ్చినావిడ నవ్వడం కూడా తక్కువే. కానీ మొదటి రివ్యూలోనే, మా వైపు వరి కోతలు అయ్యి ధాన్యం డబ్బులు పడ్డాకే డిపాజిట్లు వస్తాయి, అప్పుడు అడగండి తెస్తాం, ఇప్పుడు రైతు చేతిలో ఏమీ లేదు, అని కాగితం మీద లెక్క వేసి పెట్టేశారు. ఒప్పుకున్నారు కూడా! అప్పుడు అర్థమైంది నాకు, పైవాళ్ళు కూడా చాలాసార్లు లెక్క తెలీకే అడుగుతారు, చెప్పేవాళ్ళు ఉండాలి. సీజన్‌లో మాట ఇచ్చినంతా తెచ్చాం. ఆవిడ గొడుగులాంటి మనిషండి, ఆవిడ తడిసింది గానీ మమ్మల్ని తడవనివ్వలేదు.

కాబట్టి మంచితనం ఒక్కటే చాలదు. కిందవాళ్ళతో మెత్తగా ఉండి పైవాళ్ళకి వద్దని చెప్పలేని బాస్ కన్నా, మాతో కటువుగా ఉన్నా పైకి చెప్పగలిగినవాళ్ళే నాకు ఇష్టం.

కడప_కారం:
గుమాస్తా గారితో సగం ఒప్పుకుంటా. ఇంకో మాట ఎవరూ అనడం లేదు, నేనే అంటా. మా ఆఫీసులో (ఊరు పేరు వద్దులే) బాసు ఎవురికైనా కావాల్సినోడే, కాకపోతే "మనోళ్ళకి". మనోళ్ళు అంటే ఆయప్ప ఊరోళ్ళు, ఆయప్ప కులమోళ్ళు. మంచి షిఫ్టు వాళ్ళకి, ఆన్‌సైట్ వాళ్ళకి, రేటింగు వాళ్ళకి. మధ్యాన్నం వాళ్ళు కలిసి తింటా ఉంటే మిగిలినోళ్ళం బిత్తరగా ఇంకో బల్ల కాడ కూర్చునేది. ఆయప్ప మాతో ఎప్పుడూ గట్టిగా కూడా మాట్లాడలా, తిట్టలా. కంప్లైంట్ చేయడానికి ఏమీ ఉండదు చూడు, అదే మహా బాధ. ఆ బల్ల కాడ కూర్చున్న నలుగురం ఏడాదిలో ఒకరి తర్వాత ఒకరం మానేసినాం.

ఇప్పుడుండే బాసుకు నా ఇంటిపేరు ఏందో, మా ఊరు ఏదో చేరిన మూడు నెల్లకి గానీ తెలీదు. ఆయన మొదటిరోజు అడిగింది "ఇంతకుముందు చేసిన పనిలో నీకు ఏది బాగా నచ్చింది?" అని. అంతే నాకు చాలు.

మేస్త్రి_కొడుకు:
మా నాన్న తాపీ మేస్త్రి, ఇరవై మంది దాకా కూలీలు. శనివారం సాయంత్రం బట్వాడా. ఓనరు డబ్బులు తక్కువ ఇచ్చిన వారం కూడా ఆడ కూలీలకి ముందు, తర్వాత మగాళ్ళకి, ఆఖరికి మిగిలితే తనకి. మిగలని శనివారాలు మా అమ్మ మొహంలో తెలిసిపోయేది. ఆ ఇరవై మందిలో పదిహేను మంది పాతికేళ్ళు ఆయన్ని వదల్లేదు. జీతం అన్న రోజుకి చేతిలో పడటం గురించి ఎవరూ రాయలేదని రాశా.

జగిత్యాల_టు_దుబాయ్:
మేస్త్రి తమ్మీ, గదే అసలు మాట. ఈడ ఎడారిల మాకు బాస్ అంటె ఫోర్‌మెన్, క్యాంపు బాస్. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు పన్నెండున్నర నుంచి మూడు గంటల దాక ఎండల పని బందువెట్టాలె, ఈ దేశం రూలు. మా పాత ఫోర్‌మెన్ పన్నెండుంపావుకే నీడకు తోలుతుండె, మూడైనంక పది నిమిషాలు నీళ్ళు తాగనిచ్చి లేపుతుండె. కేరళాయన. ఇంకో సైటు ఫోర్‌మెన్ ఆఫీసరు వస్తేనే నీడ, లేకుంటె లేదు.

పాసుపోర్టు కంపెనీ దాసుకునుడు ఈడ చట్టం ఒప్పదు గాని చానమంది దాసుకుంటరు. మా అమ్మ పాణం బాగలేదని ఫోనొచ్చిన రాత్రి ఆ కేరళాయనే ఆఫీసుకు వోయి పాసుపోర్టు ఇప్పిచ్చి, టికెట్టుకు తన కార్డు గీకిండు. నేను అమ్మను సూసిన. రెండు దినాలకు పోయింది. ఆయన ఆ రాత్రి "రేపు పొద్దున చూద్దాం" అంటె నేను సూడకపోదు. కొత్త లీడ్ అక్కా, ఇది నీకోసమే రాసిన.

డల్లాస్_రాత్రులు:
జగిత్యాల అన్నా... ఏం రాయాలో తెలీట్లేదు.

నాది చిన్న విషయం. ఇక్కడ అమెరికాలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం లేదా ఇంకో స్టేటస్ చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. మా టీమ్‌లో లేఆఫ్ వచ్చినప్పుడు మా మేనేజర్ మెయిల్ మీద వదిలేయలేదు, ఒక్కొక్కరికి తనే ఫోన్ చేసింది. నాతో మాట్లాడేటప్పుడు తనకి అప్పటికే తెలుసు నాకు వీసా లెక్క ఉందని, పే రోల్‌లో ఆఖరి రోజు ఎప్పుడో, ఆ అరవై రోజులు ఎప్పటినుంచి లెక్కకొస్తాయో కంపెనీ లాయర్‌ని అడిగి కాగితం మీద రాసుకుని మరీ చేసింది. ఓదార్పు మాటలు రెండే చెప్పింది. ఆ తర్వాత నెలరోజులు తనకి తెలిసిన వాళ్ళందరికీ నా రెజ్యూమె పంపింది. నలభై మూడో రోజున ఆఫర్ వచ్చింది. నా ఉద్యోగం తీసేసిన మనిషినే నేను మంచి బాస్ అంటున్నాను, చదివేవాళ్ళకి వింతగా ఉంటుందేమో.

ఆఖరి_ట్రిప్పు:
ఆర్టీసీ కండక్టర్‌ని. ఒక్కటే చెప్తా, ట్రిప్పు ఉంది. మా రూట్లో రన్నింగ్ టైమ్ గంటా పది అని చార్టు. రోడ్డు తవ్వేశాక గంటన్నర పడుతోంది, రోజూ లేటు, రోజూ సంజాయిషీ, అటు చివర ఆడవాళ్ళకి బాత్రూంకి వెళ్ళే టైం కూడా ఉండదు. నలుగురు డిపో మేనేజర్లకి చెప్పాం. ఐదో ఆయన విని ఏమీ అనలేదు, మర్నాడు ఉదయం ఫస్ట్ సర్వీసు ఎక్కి వెనక సీట్లో కూర్చుని రెండు వైపులా తిరిగారు. వారంలో చార్టు మారింది. మేం అబద్ధం చెప్పట్లేదని ఒకళ్ళు వచ్చి కళ్ళతో చూశారు చూడండి, అది.

హెచ్చార్_పదేళ్ళు:
ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో నేను వినేదీ ఇవేనండి. జీతం అని ఫారంలో రాస్తారు, కాసేపు కూర్చున్నాక అసలు విషయం వస్తుంది, ఆ రోజు నన్ను అందరి ముందూ అలా అన్నాడు, నా పని తన పేరుతో పంపుకున్నాడు, ఏడాదంతా బాగుంది బాగుంది అని అప్రైజల్ రోజున నాలుగు తప్పులు చదివాడు. ఈ ఆఖరిది కొత్త లీడ్ గారు రాసి పెట్టుకోండి, అప్రైజల్‌లో మనిషి మొదటిసారి వినే తప్పు ఒక్కటి కూడా ఉండకూడదు. తప్పు జరిగిన వారమే, గదిలో, ఇద్దరే ఉన్నప్పుడు.

కొత్త_లీడ్_వైజాగ్:
అందరికీ దణ్ణాలండి. సిస్టర్ గారి మొదటి లైను చదివిన వెంటనే ఫోన్ చేశాను, మిగతావన్నీ తర్వాతే చదివా. వాడు అప్పటికే బస్సు టికెట్ క్యాన్సిల్ చేసేసుకున్నాడు. వాళ్ళ అక్కకి ఏడో నెల, ఆవిడే సోంపేట నుంచి వస్తానందట ఆసుపత్రిలో ఉండటానికి. ఇవన్నీ నేను గురువారం ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేవి. నేను అలా అని ఉండకూడదు, క్షమించు, రేపే బయల్దేరు అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "థాంక్స్ అక్కా" అన్నాడు, గొంతు మారింది.

గుమాస్తా గారి మాట పట్టుకుని మా డెలివరీ మేనేజర్ దగ్గరికి లెక్కతో వెళ్ళాను, వాడి రెండు మాడ్యూళ్ళలో ఒకటి నేను కూర్చుని చేస్తా, రెండోది శుక్రవారానికి వెళ్తుంది, బుధవారం కావాలంటే సగం టెస్టింగ్‌తో వెళ్తుంది, ఏది కావాలో చెప్పండి అని. కాసేపు విసుక్కున్నారు, శుక్రవారం అన్నారు.

ఇప్పుడే వాడి మెసేజ్ వచ్చింది, ఆపరేషన్ అయిపోయింది, అమ్మ కళ్ళు తెరిచింది అని.

రాత్రి_డ్యూటీ_సిస్టర్:
హమ్మయ్య. మేడమ్ ఆ అబ్బాయికి చెప్పండి, రేపటి నుంచి మెల్లగా నడిపించమని, జ్వరం గానీ ఎక్కువ బ్లీడింగ్ గానీ ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించమని. ఆరు వారాలు బరువులు ఎత్తనివ్వొద్దు, ఇంటికెళ్ళగానే బిందె ఎత్తుతారు మన అమ్మలు. అక్కకి ఏడో నెల అంటున్నారు, ఆవిడా ఎత్తలేదు. నాలుగు రోజులు చాలవండి వాళ్ళకి.

కొత్త_లీడ్_వైజాగ్:
పది రోజులు అప్రూవ్ చేసేశాను సిస్టర్.